నూరెకరాలు, కొన్ని బోరింగులు, ఒక దేవుడు

పోచంపల్లి అనగానే అందరికీ చీరలు గుర్తొస్తాయి. నాకు మాత్రం అక్కడ జరిగిన ఒక లెక్క గుర్తొస్తుంది. 1951 ఏప్రిల్ 18. అప్పటికి అది నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం అయిపోయాక వినోబా భావే తెలంగాణ పల్లెల్లోకి కాలినడకన బయల్దేరి అక్కడికి చేరాడు. దళితవాడకు (అప్పటి మాటలో హరిజనవాడ) వెళ్లి, మీకేం కావాలని అడిగాడు. నలభై కుటుంబాలు, ఎనభై ఎకరాలు కావాలన్నారు. నలభై తరి, నలభై ఖుష్కి. ఎంత పద్ధతిగా అడిగారో చూడండి. ఇంటికి ఎకరం తడి, ఎకరం మెట్ట. సర్కారుకు దరఖాస్తు పెట్టుకుందామని మొదట అనుకున్న వినోబా, ఎందుకో ఊరివాళ్లనే అడిగి చూశాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు. చనిపోయిన తండ్రి కోరిక కూడా అదేనని చెప్పాడంటారు.

80 అడిగితే 100 వచ్చింది. వినోబా దీన్ని దేవుడి సంకేతంగా తీసుకున్నాడు. దేవుడి తర్వాత తనకు నమ్మకం ఉన్నది గణితం మీదేనని చెప్పుకునే మనిషి ఆయన. దేశంలో భూమిలేని పేదలందరికీ ఐదు కోట్ల ఎకరాలు కావాలని లెక్కేసి, ప్రతి రైతూ తనను ఇంట్లో ఇంకో కొడుకు అనుకుని ఆరో వంతు ఇవ్వాలని అడుగుతూ, పదమూడేళ్లకు పైగా దేశమంతా నడిచాడు. దేవుణ్ణి నమ్మని నాలాంటివాడు ఈ కథను ఏం చేసుకోవాలి? పక్కకు పెట్టేస్తే నిజాయితీ కాదు. మతం లేకుండా నీతి ఉంటుందా అన్న ప్రశ్నకు, మా జిల్లాలో ఇంతకంటే బరువైన సాక్ష్యం నాకు కనబడదు.

ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. పోయినేడు పెత్రమాసకు వచ్చింది. మా దిక్కు పెత్రమాస నాడు పెద్దల పేరున బియ్యం ఇస్తారు. బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, ఓ పది రూపాయల బిళ్ల. నాయిన పోయినప్పటి నుంచి ఆ పని నాది. ఇచ్చేదేదో హాస్టల్ పిల్లలకు ఇస్తాను, అయ్యగారి ముందు కూర్చొని గోత్రాలు చదివించుకోవడం నావల్ల కాదన్నాను. అమ్మ కోపం చేయలేదు. బియ్యం చేటలోకి చూస్తూ నిమ్మళంగా అడిగింది.

"దేవుడు లేడంటవ్. పెద్దలు లేరంటవ్. మంచిదే. రేపు ఎవలూ చూడనప్పుడు తప్పు చెయ్యకుంట నిన్ను ఏది ఆపుతది కొడుకా?"

దోస్తొయేవ్‌స్కీ ఇదే భయాన్ని 'కరమజోవ్ సోదరులు'లో వందల పేజీలు మోశాడు. అమ్మ చేట ముందర ఒక్క వాక్యంలో పెట్టింది. అక్కడ తడుముకుని ఏదో అన్నాను. సరిగ్గా చెప్పాలంటే ఇంత రాయాల్సి వస్తోంది.

మొట్టమొదట, ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. సృష్టికి కర్త ఉన్నాడా అనేది ఒకటి. మంచిచెడ్డలకు మతం అవసరమా అనేది రెండోది. గుడి మెట్ల దగ్గర్నుంచి టీవీ చర్చల దాకా రెండిటినీ ఒకే మూటలో కట్టేస్తారు. మొదటిదానికి అవునంటే రెండోది దానంతటదే అవునైపోతుందన్నట్టు.

మొదటిదాని మీద నేను ఎక్కువ సేపు నిలబడను. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్లు. విశ్వం ఒక చిన్న బిందువు నుంచి మొదలై ఉండాలని మొదట ప్రతిపాదించిన జార్జ్ లమైత్ర్ స్వయంగా కాథలిక్ ఫాదిరీ. 1951 నవంబరులో, అంటే పోచంపల్లి జరిగిన ఏడు నెలలకు, పోప్ పన్నెండో పయస్ ఈ సిద్ధాంతం సృష్టికర్త ఉనికిని బలపరుస్తోందన్నట్టు మాట్లాడితే, దానికి ఇబ్బందిపడ్డది ఆ ఫాదిరీయే. భౌతికశాస్త్రాన్ని దేవుడికి సాక్షిగా నిలబెట్టొద్దనేది ఆయన పట్టు. విశ్వాసి అయ్యుండి ఆ గీత గీయగలిగినందుకు నాకాయనంటే గౌరవం. మన దగ్గరైతే ఋగ్వేదంలో నాసదీయ సూక్తం ఉండనే ఉంది. ఈ సృష్టి ఎట్లా వచ్చిందో పైనుంచి చూసేవాడికైనా తెలుసో తెలియదో అన్న అనుమానంతోనే అది ముగుస్తుంది. వేదాల్లో అన్నీ ఉన్నాయని చెప్పేవాళ్లు ఈ అనుమానం కూడా ఉందని ఎందుకో చెప్పరు.

నా అభిప్రాయం చెప్పేస్తాను. కర్త ఉన్నాడనడానికి సాక్ష్యం నాకు కనబడలేదు. సాఫ్ట్‌వేర్ పనిలో ఒక రకం టెస్టులు రాస్తుంటారు కొందరు. ఏ అవుట్‌పుట్ వచ్చినా పాస్ అయిపోయే టెస్టు. వాన పడితే దేవుడి దయ, పడకపోతే దేవుడి పరీక్ష అనడం అలాంటిదే. అది తప్పని నిరూపించలేం కానీ, దానివల్ల కొత్తగా తెలిసేదీ ఏమీ ఉండదు.

కానీ కర్త ఉన్నాడనే అనుకుందాం. ఆయన చేసిన లోకాన్ని చూసి ఎట్లా బతకాలో తెలుసుకోగలమా? దీనికి మా నల్లగొండ రాయి కంటే మంచి పరీక్ష లేదు.

దేవరకొండ, మునుగోడు వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా గుండ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుంటాయి. ఈ గట్టురాయి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఆ రాతి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంది. వాన తక్కువ నేల. నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్లతరబడి నిలుస్తాయి, నిలిచినకొద్దీ ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. తాగునీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు చాలా ఊళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమరంగు గీతలు. పెద్దయ్యేసరికి కీళ్లు బిగుసుకుపోతాయి, కాళ్లు దొడ్డిపోతాయి, నడుం వంగిపోతుంది. మా పెద్దనాయిన పక్కకు చూడాలంటే మెడ తిరిగేది కాదు, మనిషంతా తిరిగేవాడు. చిన్నప్పుడు మాకది ఆటలాగుండేది. వెనకనుంచి పోయి "పెద్దనాయినా" అని పిలిచేవాళ్లం, ఆయన కొంచెం కొంచెంగా తిరిగేలోపల పారిపోయేవాళ్లం. ఆయనా నవ్వేవాడు.

మా నాయినమ్మ దాన్ని పోయిన జన్మల కర్మ అనేది. తిట్టుగా కాదు, ఓదార్పుగానే. కర్మ అనుకుంటే కనీసం కారణం అంటూ ఒకటి దొరుకుతుంది. కానీ అదే బోరింగు నీళ్లు తాగిన ఊరు ఊరంతా పోయిన జన్మలో ఏం తప్పు చేసినట్టు? కిలోమీటరు అవతల ఇంకో బాయి నీళ్లు తాగినవాళ్లు ఏం పుణ్యం చేసినట్టు? కర్మ సిద్ధాంతం జన్మలు లెక్కపెడుతుంది కానీ బోరింగులు లెక్కపెట్టదు. బోరింగులు లెక్కపెట్టినవాళ్లకే జబ్బు దొరికింది. నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు 1970లలో నీళ్లలో సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతి తయారుచేసి, దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆఫ్రికా దేశాల్లో నీటి ఇంజినీర్లు కూడా ఆ పేరు పలుకుతారు. మా జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది ఇట్లా. ఇంటింటా రోజూ పటిక కలిపి తేర్చుకోవడం ఎక్కువకాలం సాగే పని కాదు, అది వేరే సంగతి. చివరికి మేలు చేసింది నది నీళ్లు. కృష్ణా నీళ్లు పైపుల్లో రావాలని బాధితులే వంగిపోయిన ఒళ్లతో ఏళ్లకేళ్లు ధర్నాలు చేశారు. ఆ నీళ్లు తెచ్చిన పథకానికి భగీరథుడి పేరే పెట్టారు. తపస్సు చేసి గంగను దించినవాడి పేరు. ఒప్పుకుంటాను, పేరు బాగుంది. అయితే ఈ భగీరథులు శివుణ్ణి కాదు, కలెక్టరాఫీసును అడిగారు.

నేననేది ఇది. ఈ రాయిని ఎవరో చేశారని నమ్మినా నమ్మకపోయినా, పెద్దనాయిన మెడ చూసి మనం చేయాల్సిన పని ఒక్కటే. ఆ పనేమిటో రాయి చెప్పదు, రాయిని చేసినవాడూ చెప్పలేదు. మెడ చెప్పింది.

ఇక రెండో ప్రశ్న. దీనికి జవాబు నాకు అమ్మ దగ్గరే దొరికింది, ఆమె ఇచ్చినట్టు ఆమెకు తెలియదు.

అమ్మ పుట్టిల్లు పాలమూరు, మక్తల్ వైపు. దీపావళి దాటాక కురుమూర్తి జాతరకు మమ్మల్ని తీసుకుపోయేది. బొంబాయి, పుణె వలసపోయిన పాలమూరు కూలీలు కూడా జాతరకు తిరిగొచ్చేవాళ్లు. స్వామికి చెప్పులు వడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాలు ఉపాసముండి కుడతాయి. ఆ ఉద్దాలను ఊరేగించే రోజు అన్ని కులాలవాళ్లూ వాటిని తలకు తాకించుకుంటారు. ఆ ఒక్కరోజు. మర్నాడు ఎవరి వాడ వాళ్లది.

ఆ దిక్కే జోగిని ఆచారం కూడా గట్టిగా ఉండేది. దళితవాడల్లో ఏ పిల్లకో జబ్బు చేసినా, ఇంట్లో మగపిల్లలు లేకపోయినా, ఎల్లమ్మ అడుగుతోందని చెప్పి ఆ పిల్లను దేవతకు ఇచ్చి పెళ్లి చేసేవాళ్లు. ఇంక ఆమెకు మొగుడుండడు, ఊళ్లో పెత్తనం ఉన్న మగవాళ్లందరికీ హక్కుంటుంది. నేను నాలుగో ఐదో చదువుతున్నప్పుడు అమ్మమ్మ వాళ్లూరిలో ఒక పిల్ల గురించి ఈ మాట నడిచింది. పిల్లకు ఒంటి మీద మచ్చలొచ్చాయి, తలలో జడకట్టింది. మా అమ్మ ఎన్నడూ ఊరి విషయాల్లో తలదూర్చని మనిషి. మంగళవారం ఒక్కపొద్దు, శుక్రవారం ఒక్కపొద్దు. అట్లాంటిది, అరుగు మీద కూచున్న పెద్దమనుషులకు వినబడేలా అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది:

"ఎల్లమ్మ తల్లి గాదా? తల్లయితే బిడ్డను ఊరి మీద యిడువమంటదా? గట్ల అడిగినామె ఎల్లమ్మ గాదు, ఇంకెవలో."

పిల్ల హాస్టలుకు పోయింది. అందులో అమ్మ మాట కంటే బడి సారు పట్టుదల, 1988లో వచ్చిన చట్టం గురించి ఆయన పెట్టిన భయం ఎక్కువ పనిచేసి ఉంటాయి. నాకు కావాల్సింది ఆ మాట వెనకున్న తర్కం. అమ్మకు దేవత మీద అనుమానం లేదు. అయినా దేవత పేరున వచ్చిన ఆజ్ఞను ఆమె తూకం వేసింది, తప్పని తేల్చింది, తేల్చి దాన్ని దేవత ఖాతాలోంచి తీసేసింది. ఆ తూకంరాయి ఎక్కడిది? ఎల్లమ్మ ఇచ్చిందైతే దాంతో ఎల్లమ్మ ఆజ్ఞనే తూయడం కుదరదు. ప్లేటో 'యూథిఫ్రో'లో సోక్రటీసు అడిగేదీ ఇదే: దేవతలు మెచ్చారు కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి దేవతలు మెచ్చారా? అమ్మ రెండోదాని వైపు నిలబడింది. నమ్మేవాళ్లలో మంచివాళ్లందరూ అట్లాగే నిలబడతారని నా నమ్మకం. శంబూకుడి కథ దగ్గర ఆగి ఇబ్బందిపడే రామభక్తులు నాకు బాగా తెలుసు. ఆ ఇబ్బందే సాక్ష్యం. నీతి మతంలోంచి పుట్టి ఉంటే వాళ్లకు ఆ ఇబ్బంది ఉండకూడదు.

ఇప్పుడు పోచంపల్లికి తిరిగొద్దాం. నూరెకరాలు దేవుడి సంకేతం అని వినోబా అనుకున్నాడు. కానీ ఆ రోజుకు అక్కడ ఇంకా చాలా ఉన్నాయి. అప్పటికి ఐదేళ్లుగా నల్లగొండ, వరంగల్ జిల్లాలు మండుతున్నాయి. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య పడిపోయినప్పటి నుంచి మొదలైన పోరాటం. మూడు వేల ఊళ్లలో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టులు చెప్పుకునే లెక్క. భూమి ఇవ్వనివాడి భూమి ఊరికే ఉండదని ప్రతి భూస్వామికీ తెలిసిన కాలం అది. వినోబాకూ తెలుసు. పోచంపల్లికి మూడు రోజుల ముందు, శ్రీరామనవమి నాడు, ఆయన హైదరాబాద్ జైలుకు వెళ్లి కమ్యూనిస్టు ఖైదీలతో మాట్లాడి వచ్చాడు. కాబట్టి ఆ నూరెకరాల వెనక పోరాటం ఉంది, ఎకరాలతో సహా లెక్కగట్టి అడిగిన నలభై కుటుంబాలు ఉన్నాయి, తండ్రి కోరిక ఉంది, ఒక మనిషి మనసు ఉంది. ఇవన్నీ పోను దేవుడు చేయడానికి ఏం మిగిలింది?

ఇంకో సంగతి. విసునూరు దేశ్‌ముఖ్ పేరు కూడా రామచంద్రారెడ్డే. ఒకే జిల్లా (జనగామ అప్పుడు నల్లగొండలోనే), ఒకే కులం, ఒకే మతం, ఒకే రాముడి పేరు. ఒకాయన పేరు చెబితే వెట్టిచాకిరీ గుర్తొస్తుంది, ఇంకొకాయన పేరు చెబితే భూదానం. గడీల్లో పూజలు ఏనాడూ ఆగలేదు, వెట్టీ ఆగలేదు. మతమే నీతికి పునాది అయితే ఈ ఇద్దరు రామచంద్రారెడ్ల మధ్య తేడాకు కారణం ఇంకెక్కడో వెతుక్కోవాలి.

అటు పక్క చూస్తే, భువనగిరి దగ్గరి బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి. హరిజన సేవతో మొదలై కమ్యూనిస్టు అయినవాడు, సొంత భూమిని పేదలకు పంచినవాడు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. ఆయన పార్టీ దేవుడి పేరు చెప్పి భూమి అడగలేదు. దున్నేవాడిదే భూమి అని అడిగింది. వినోబా భూమంతా గోపాలుడిదే అన్నాడు. రెండు వాక్యాల్లోనూ భూస్వామి పేరు లేదు, గమనించండి. అయితే ఇక్కడ నా పక్షానికి నేను ఉత్త కీర్తన పాడలేను. దేవుణ్ణి పక్కనపెట్టిన ఆ పోరాటంలోనూ అన్యాయంగా చచ్చినవాళ్లున్నారు, పోలీసు ఇన్‌ఫార్మర్ అన్న అనుమానం మీదనే ప్రాణం పోయినవాళ్లున్నారు. చరిత్ర పేరున చంపడం, దేవుడి పేరున చంపడం కంటే శుభ్రమైనదేమీ కాదు. తూకంరాయిని పార్టీ చేతికిచ్చినా, పూజారి చేతికిచ్చినా జరిగేది అదే.

ఇక్కడిదాకా నాకు గట్టిగానే అనిపిస్తుంది. చిక్కు ఇంకోచోట ఉంది.

పునాది వేరు, ఇంధనం వేరు. మంచిచెడ్డలు తేల్చుకోవడానికి దేవుడు అక్కర్లేదు, సరే. తేల్చుకున్నాక పదమూడేళ్లు నడవడానికి? వినోబాను నడిపించింది లెక్క ఒక్కటే కాదు. ఆయనకు 40 లక్షల ఎకరాలకు పైగా దానపత్రాలు రాసిచ్చారు. అందులో చాలా భాగం రాళ్లగుట్టలు, కోర్టు తగాదాలు, హద్దులు తెలియని బీళ్లు. పేదల చేతికి చేరింది అందులో కొంతే. మన రాష్ట్రంలో 1965లో భూదాన గ్రామదాన చట్టం వచ్చాక కూడా ఆ భూముల పంచాయితీ తెగలేదు. దానం ఒక్క క్షణంలో అవుతుంది, పట్టా కావడానికి దశాబ్దాలు పడుతుంది. గుండె కరిగించడం భక్తికి తెలుసు, సర్వే నంబరు రాయించడం దానికి తెలియదు. ఇదీ నిజమే. కానీ ఆ ఫలితాలు చూస్తూ కూడా ముసలితనంలో రోజుకు పది మైళ్లు నడిచినవాడి ఇంధనాన్ని నేను చులకన చేయలేను. నా దగ్గర అంత ఉందా? నా స్నేహితుల్లో హేతువాదులు చాలామందే ఉన్నారు. వాదనల్లో పదునైనవాళ్లు. ఫ్లోరైడ్ బాధితుల ధర్నాలో వాళ్లు నాకు కనిపించింది తక్కువ. అమ్మ మాత్రం ప్రతి ఏడూ పెత్రమాసకు మర్చిపోకుండా బియ్యం ఇస్తుంది.

ఈ చిక్కుకు దగ్గరగా వచ్చిన మనిషి ఒకరు కనిపిస్తారు, లవణం. గోరా కొడుకు. 1930లో ఉప్పు సత్యాగ్రహం నడుస్తున్నప్పుడు పుట్టాడని తండ్రి పెట్టిన పేరు. గోరా అంటే 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినవాడు, దేవుడి గురించి గాంధీతోనే వాదనకు కూర్చున్నవాడు. ఆ ఇంట్లో దేవుడు లేకుండా పెరిగిన లవణం, వినోబా భూదాన యాత్రలో ఆయన పక్కనే నడుస్తూ దుబాసీగా పనిచేశాడు. వినోబా ఉపన్యాసాల నిండా దేవుడే. గీత, ఉపనిషత్తులు, గోపాలుడు. అవన్నీ తెలుగు పల్లెల్లో జనానికి అందింది ఒక నాస్తికుడి నోటిమీదుగా. తర్వాత ఆయన, భార్య హేమలత (మహాకవి జాషువా కూతురు, ఆమే ఒక రచయిత్రి) కలిసి స్టువర్టుపురంలో నేరస్తులుగా ముద్రపడ్డ కుటుంబాల మధ్య, నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య ఏళ్లపాటు పనిచేశారు. ఏ ఎల్లమ్మ పేరున మా అమ్మమ్మ ఊళ్లో ఆ పిల్లను అడిగారో, ఆ ఎల్లమ్మ పేరునే అక్కడ ఇచ్చేసిన ఆడవాళ్ల కోసం.

ఆ భూదాన సభలను ఊహించుకుంటూ ఉంటాను. గడ్డపు ముసలాయన హిందీలో దేవుడి గురించి నాలుగు మాటలంటాడు. పక్కనున్న కుర్రవాడు దేవుడు లేడని తెలిసి కూడా, ఒక్క మాట జారకుండా దాన్ని తెలుగులో చెబుతాడు. చెట్టు కింద కూచున్న రైతు వింటాడు. ఇంట్లో ఇంకో కొడుకు ఉన్నాడనుకుని ఆరో వంతు రాసివ్వమంటున్నారు. రైతు తల గోక్కుంటాడు, పక్కవాడితో ఏదో అంటాడు, మెల్లగా లేస్తాడు.